నెలలు నిండే వేళ షుగర్ లెక్క

డాక్టరు: సూటిగా చెబుతాను సిస్టర్. ఏడో నెల దాటిన గర్భిణికి షుగర్ ఉందని తేలితే కాన్పయ్యేదాకా అంకెల్ని వదలకూడదు. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు. రెండు వారాలు తిండి మార్చి చూస్తాం. దారికి రాకపోతే మెట్‌ఫార్మిన్ మాత్రలో, ఇన్సులినో మొదలుపెడతాం. ఇందులో మొహమాటానికి చోటు లేదు. ఆ చివరి మూడు నెలల్లో చూసీచూడనట్టు వదిలేసిన ప్రతి వారం బిడ్డ ఒంటి మీద కొవ్వుగా చేరుతుంది.

సిస్టర్: అంకెలు వద్దని నేనూ అనను మేడమ్. కానీ కార్డు మీద ఎర్ర సిరాతో ‘జీడీఎం’, అంటే గర్భంలో వచ్చే షుగర్, అని రాసిన రోజు నుంచి ఆ మనిషికి ఏమవుతుందో ఓపీ గదిలో కనబడదు, వార్డులో మాకు కనబడుతుంది. అన్నం ముద్ద ఎత్తాలంటే భయం. ‘మా ఇంట్లో ఎవరికీ లేదే’ అని అత్తగారి అనుమానం. తొమ్మిదో నెల పడగానే ‘షుగర్ కేసు కదా, రిస్కెందుకు, ఆపరేషన్ చేసి తీసేయమందాం’ అని మొగుడి తొందర. అంకె ఎంత పెరిగితే మనం ఆమెను ఇంత కుదిపెయ్యాలి? నాకు కావలసిన జవాబు అది.

డాక్టరు: మీకు తెలియనిది కాదు, వాదన కోసం వరసగా పెడతాను. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. బిడ్డకు చక్కెర పుష్కలంగా అందాలని ఒళ్లు చేసుకునే ఏర్పాటది. అయిదో నెల నుంచి పెరుగుతూ ఎనిమిదో నెలకు బాగా ముదురుతుంది. చాలామంది ఆడవాళ్ల క్లోమం రెండు మూడింతలు ఇన్సులిన్ తయారుచేసి గట్టెక్కుతుంది. గట్టెక్కలేని వాళ్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మాయ దాటి లోపలికి పోతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అప్పుడు బిడ్డ తన బుల్లి క్లోమంతోనే ఆ భారమంతా మోయాలి. కడుపులో బిడ్డకు ఇన్సులిన్ అంటే ఒళ్లు పెంచే మందే. భుజాల మీద, పొట్ట మీద కొవ్వు పేరుకుంటుంది. తల మాత్రం ఎప్పటి కొలతే. కోపెన్‌హేగన్‌లో పెడర్సన్ అనే వైద్యుడు 1952లోనే ఈ సంగతి చెప్పాడు. ఇన్నేళ్ల పరిశోధనలోనూ ఆ మాట నిలబడింది.

సిస్టర్: ఆ భుజం ఇరుక్కోవడం నేను చేతులతో పట్టి చూసినదాన్ని. తల బయటికొస్తుంది, మెడ కనబడదు. బుగ్గలు నొక్కుకుపోయి తల మళ్లీ లోపలికి లాక్కుపోతున్నట్టుంటుంది. మొహం నీలం తిరగడం మొదలవుతుంది. అప్పుడు లాగకూడదు. చెరొకరం చెరో తొడ పట్టుకుని తల్లి పొట్టకేసి గట్టిగా మడుస్తాం, మూడో మనిషి బొడ్డు కింద ఎముకకు పైన అరచేత్తో నొక్కుతుంది, ఇంకొకరు గడియారం చూస్తూ నిమిషాలు పైకి చదువుతుంటారు. భుజం వదిలాక గదిలో అందరి ఊపిరీ ఒక్కసారి బయటికొస్తుంది. అలా బయటపడ్డా, ఒక చేయి వేలాడేసుకుని పుట్టే బిడ్డలుంటారు. కాబట్టి షుగర్ ఉత్త మాట అని నా చేత ఎవరూ అనిపించలేరు.

నా పట్టింపు వేరే చోట ఉంది. తిన్నాక రెండు వందలు దాటిన మనిషినీ, 146 వచ్చిన మనిషినీ మనం ఒకే గాటన కడుతున్నాం. రిజిస్టరు తిరగేయండి, ఎక్కువమంది ఆ 140, 160 మధ్యవాళ్లే ఉంటారు.

డాక్టరు: ఆ మధ్యవాళ్లకి ప్రమాదం లేదని ఎవరన్నారు? 2008లో వచ్చిన ‘హాపో’ అధ్యయనం గుర్తుంది కదా. తొమ్మిది దేశాలు, 15 ఆసుపత్రులు, 23 వేల మందికి పైగా గర్భిణులు. తల్లి షుగర్ పెరిగే కొద్దీ పెద్ద బిడ్డలు, తొలి సిజేరియన్లు, బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ జాడ కూడా మెట్టు మెట్టుగా పెరుగుతూ పోయాయి. ఇక్కడిదాకా క్షేమం, ఇక్కడి నుంచి ప్రమాదం అని చెప్పే గీతే దొరకలేదు. 146కి భయం లేదని నేను ఏ మొహంతో చెప్పను?

సిస్టర్: మీరే అన్నారు, గీత దొరకలేదని. అంటే గీసింది మనుషులే. 1964లో బోస్టన్‌లో మొదటి లెక్కలు కట్టినవాళ్లు, ఏ తల్లికి ముందు ముందు షుగర్ జబ్బు వస్తుందో చూసి గీశారు. బిడ్డను చూసి గీసింది కాదు. తర్వాత 2010లో ఇంకో సంఘం గీత కిందికి దించింది. పరగడుపున 92 ఉన్నా షుగరే అంది. మన ప్రభుత్వ పద్ధతి ఇంకొకటి: తిన్నా తినకున్నా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు 140 గానీ ఆ పైన గానీ ఉంటే షుగర్. ఒకే మనిషి, ఒకే రోజు, ఒక లెక్కలో జబ్బు మనిషి, ఇంకో లెక్కలో ఆరోగ్యంగా ఉన్న మనిషి. ఇంత కదిలే గీత మీద ఆమె కాన్పు మొత్తాన్ని నిలబెడుతున్నాం.

డాక్టరు: ఆ 140 పద్ధతిని తేలిగ్గా తీసెయ్యకండి. అది మన ఆడవాళ్ల నడక చూసి పెట్టిన పద్ధతి. తెల్లారుజామున ఇంత గంజి తాగి, రెండు ఆటోలు మారి వచ్చిన గర్భిణిని ‘రేపు పరగడుపున రా’ అంటే ఆ రేపు రాదు. చెన్నైలో శేషయ్య గారు పట్టుబట్టి చెప్పింది ఇదే. వచ్చిన రోజే, వచ్చిన స్థితిలోనే పరీక్ష అయిపోవాలి. మొదటిసారి వచ్చినప్పుడొకటి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకటి. దానికి కొందరు దొరక్కుండా పోతారు, కొందరు అనవసరంగా దొరుకుతారు, ఒప్పుకుంటాను. అసలు పరీక్షే లేకుండా నేరుగా నొప్పులతో వచ్చే రోజుల కంటే ఇది ఎంతో మేలు.

వైద్యం చేస్తే ఫలితం ఉందా అంటే, ఉంది. ఆస్ట్రేలియా వాళ్లు వెయ్యి మంది మీద చేసిన పరీక్ష 2005లో అచ్చయింది. అంత ఎక్కువ షుగర్ లేని వాళ్లే అందరూ. వైద్యం అందినవాళ్లలో బిడ్డ చనిపోవడం, భుజం ఇరుక్కోవడం, ఎముక విరగడం, నరం దెబ్బతినడం అన్నీ కలిపి నూటికి ఒకటి. అందనివాళ్లలో నూటికి నాలుగు. ఆ ముగ్గురు బిడ్డల్ని నేను ఎక్కడ వదిలెయ్యను సిస్టర్?

సిస్టర్: ఆ ముగ్గురినీ వదలమనను. అదే పరీక్షలో వైద్యం అందినవాళ్లకు నొప్పులు తెప్పించిన కాన్పులు ఎక్కువయ్యాయి, అదీ చదవాలి. తర్వాత 2022లో న్యూజిలాండ్ వాళ్లు నా ప్రశ్ననే పరీక్షకు పెట్టారు. నాలుగు వేల మందిని రెండుగా విడదీసి, ఒక సగానికి కింది గీత, ఇంకో సగానికి పై గీత. కింది గీత దగ్గర నూటికి 15 మందికి పైగా షుగర్ వాళ్లయ్యారు, పై గీత దగ్గర ఆరుగురు. మరి పెద్ద బిడ్డలు? ఇటు 8.8, అటు 8.9. రెండున్నర రెట్ల మందికి షుగర్ పేరు పెట్టి మొత్తం మీద పెద్ద బిడ్డల్ని తగ్గించలేకపోయారు. వాళ్లకి వేళ్లకు సూదులూ, నొప్పులు తెప్పించిన కాన్పులూ మాత్రం పెరిగాయి.

డాక్టరు: ఆ పరీక్షలోనే ఇంకో వరస ఉంది, దాన్ని కూడా చదవండి. రెండు గీతల మధ్య పడ్డవాళ్లను విడిగా తీశారు. వాళ్లకు వైద్యం అందితే పెద్ద బిడ్డలు నూటికి ఆరు. అందకపోతే 18. ఆ మధ్యవాళ్లు మొత్తం జనంలో కొద్దిమంది కాబట్టి పెద్ద లెక్కలో కలిసిపోయారు. జనమంతటికీ తేడా కనబడలేదన్నది నిజమే, ఆ మధ్యలో పడ్డ మనిషికి తేడా ఉందన్నదీ నిజమే. నా ఎదురుగా కూచునేది ఆ మనిషి.

సిస్టర్: ఆ మాట బరువైనదే. కాదనలేను. కానీ మన ఎదురుగా కూచునే మనిషి న్యూజిలాండ్ మనిషి కూడా కాదు. మన బిడ్డలు సగటున రెండున్నర, మూడు కిలోల మధ్య. నాలుగు కిలోల బిడ్డ కోసం కట్టిన భయాన్ని రక్తం లేక పాలిపోయిన మన పిల్ల మీద రుద్దితే ఎలా? ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత. ఆమెను తిండి తగ్గించమనడానికి నాకు నోరు రాదు.

డాక్టరు: బరువు చూసి మోసపోకండి. పుణెలో యాజ్ఞిక్ గారి బృందం దగ్గరలోని పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని కొలిచింది. ఇంగ్లండు బిడ్డల కంటే మనవాళ్లు చాలా చిన్న. కండ తక్కువ, పొట్ట చుట్టుకొలత తక్కువ. చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడటానికి సన్నగా ఉన్న మన బిడ్డ లోపల అప్పటికే కొవ్వు బిడ్డ. మైసూరులో ఒక ఆసుపత్రిలో 1997, 98ల్లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. తల్లికి గర్భంలో షుగర్ ఉన్న ఆడపిల్లలు అయిదేళ్లకే మిగతావాళ్ల కంటే కొవ్వు ఎక్కువగా తేలారు. మూడు కిలోల బిడ్డ పుట్టింది కదా అని సంతోషించి పంపేస్తే, ఆ పిల్ల రేపు తనే గర్భిణిగా మన దగ్గరికి షుగర్‌తో వస్తుంది. నేను కాపలా కాసేది ఒక్క కాన్పుకే అనుకోవద్దు.

సిస్టర్: అయితే తిండి దగ్గరికే రండి, నా గొడవంతా అక్కడే ఉంది. మనం ఇచ్చే కాగితం మీద ఏముంటుంది? ఓట్సు, మొలకలు, రెండు పుల్కాలు, ఒక యాపిల్. కోనసీమ పిల్ల మూడు పూటలా అన్నం తిని పెరిగింది. ఆమె ఇంట్లో పుల్కా ఎవరు కాలుస్తారు? రేషను బియ్యం ఉన్నాయి, వండేది పదిమందికి ఒకే కుండ. కాగితం మడిచి రవికెలో పెట్టుకుంటుంది, ఇంటికెళ్లి అన్నం సగం మానేస్తుంది. ఇంకోవైపు, రాగి జావ మంచిదన్నారని పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు తాగుతుంది. పలచగా కాచిన జావ ఎంత తొందరగా షుగర్ పెంచుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉపవాసం ఒక పూట, జావ ఒక పూట, అంకె పైకీ కిందికీ.

ఇంకా దారుణం ఒకటుంది. పరీక్ష రోజు దగ్గర పడితే ముందు రాత్రి భోజనం మానేస్తారు. డాక్టరమ్మ కోప్పడుతుందని. నంబరు బాగా రావాలని. కడుపులో బిడ్డ ఉన్న మనిషి, రాత్రంతా ఖాళీ కడుపుతో పడుకుని, పొద్దున 88 చూపించి మెప్పు పొందుతుంది. ఆ 88 ఏం చెబుతోంది మేడమ్? ఆ ఆకలికి పుట్టే కీటోన్లు కూడా బిడ్డ దగ్గరికే పోతాయి.

డాక్టరు: ఆ 88 నాకూ అక్కర్లేదు. మీరు చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం కాదనను. గర్భిణిని మాడ్చి తెచ్చిన షుగర్ తగ్గుదల వైద్యం కాదు. అన్నం మానక్కర్లేదు. పళ్లెంలో ముందు కూర, పప్పు పడాలి, ఒక గుడ్డు పడాలి, ఆ తర్వాత అన్నం ఒక కప్పు. మూడు పెద్ద భోజనాల బదులు మూడు చిన్న భోజనాలు, మధ్యలో రెండు మూడు సార్లు గుప్పెడు శనగలో, పల్చటి మజ్జిగో. పొద్దున ఇడ్లీల బదులు పెసరట్టు. పొద్దుటి పూటే షుగర్ ఎక్కువ మొండికేస్తుంది కాబట్టి ఆ పూట జాగ్రత్త. తిన్నాక వీధి చివరిదాకా పావుగంట నడక. ఇదంతా రెండు వారాలు.

ఇక నేను ఇన్సులిన్ అనేది ఎందుకు? మీరు చెప్పిన ఆకలి చూసే. తిండి తగ్గించి తగ్గించి అంకెను పట్టుకోవాలనుకుంటే ఆమె ఎండిపోతుంది. నాలుగు యూనిట్లు పొడిస్తే ఆమె కడుపు నిండా తినగలదు. ఇన్సులిన్ మాయ దాటదు, బిడ్డకు తగలదు. మీరు ఇన్సులిన్‌ను శిక్ష అంటారు, నాకది ఆమె అన్నం ఆమెకు తిరిగి ఇచ్చే మందు.

సిస్టర్: శిక్ష అని నేననను, వాళ్లంటారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అని ఊళ్లో మాట. మాయ బయట పడ్డ గంటల్లోనే ఈ షుగర్ చాలామందికి దిగిపోతుందని, ఇంజెక్షన్ ఆగిపోతుందని ఎంత చెప్పినా నమ్మరు. అది నేను చెప్పుకుంటాను, నా పని. మరి మిగతాది? ఇంట్లో ఫ్రిజ్ లేదు. కుండలో నీళ్లు పోసి అందులో సీసా చల్లగా ఉంచమంటాం, సరే. దుకాణంలో 40 యూనిట్ల సీసాకు 100 యూనిట్ల సిరంజి అంటగడతారు. గీతలు మారిపోతాయి, మోతాదు మారిపోతుంది. భర్త హైదరాబాదులో కూలికి. పొద్దున ఇంజెక్షన్ పొడుచుకుని, ఏదో పని తగిలి తినడం ఆలస్యమైతే, చెమటలు పట్టి, చేతులు వణికి, ఇంట్లో ఒక్కతే పడి ఉంటుంది. ఆ మధ్యాహ్నం గురించి మీ పుస్తకంలో ఎన్ని వరసలున్నాయి?

డాక్టరు: వరసలున్నాయి, చాలవు. ఎర్ర మూత సిరంజి 40కి అని ఆమె చేతికిచ్చి చూపించి పంపాలి, కొంగున చక్కెర పొట్లం కట్టుకోమనాలి, ఆశా కార్యకర్త మొదటి వారం రోజూ పోయి చూడాలి. ఇవి లేకుండా ఇన్సులిన్ రాస్తే చీటీ మీద రాతే. మాత్రలు ఇవ్వొచ్చు, మెట్‌ఫార్మిన్‌కి ఫ్రిజ్జూ అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు. కానీ అది మాయ దాటుతుంది. దాని మీద మొదలుపెట్టిన వాళ్లలో దాదాపు సగం మందికి చివరికి ఇన్సులిన్ కూడా కావలసి వచ్చిందని 2008 నాటి పరీక్షలో తేలింది. తేలిక దారి ఒక్కటీ లేదు. అలాగని 135 చూపిస్తున్న మనిషిని ‘ఇంట్లో ఫ్రిజ్ లేదుగా’ అని వదిలేస్తే, మనం పేదరికాన్ని ఆమె బిడ్డ మీద వేసినట్టవుతుంది.

సిస్టర్: సరే, ఇక్కడి వరకూ మీతో నడుస్తాను. తిండి, నడక, అవసరమైతే మందు. నేను ఆగిపోయేది 37వ వారం దగ్గర. షుగర్ అన్న మాట అక్కడ కత్తిగా మారుతుంది. 2019, 21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. ఆంధ్రలో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 81. ఇంతమంది ఆడవాళ్లకు ఒక్కసారిగా కాన్పు చేతకాకుండా పోయిందా? అడిగితే ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెబుతారు. ఉమ్మనీరు తగ్గింది, మెడకు పేగు చుట్టుకుంది, ముహూర్తం బాగుంది. ఇప్పుడు ఆ వరసలో షుగర్ చేరింది. 147 ఉన్న పిల్ల, తిండితోనే దారికొచ్చిన పిల్ల, 37 వారాల 2 రోజులకు ఆపరేషన్ బల్ల మీద ఉంటుంది.

డాక్టరు: ఆ పిల్ల విషయంలో నేను మీ పక్షమే, ఇది రాసిపెట్టుకోండి. షుగర్ ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. మన ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా 39 వారాలకు ముందు మామూలుగా కాన్పు చేయొద్దనే చెబుతున్నాయి, ఎందుకంటే షుగర్ తల్లుల బిడ్డలకు ఊపిరితిత్తులు పండటం ఆలస్యం. 37కి తీసిన బిడ్డ బరువుగా, గుండ్రంగా, చూడముచ్చటగా ఉంటుంది, ఆయాసపడుతూ నవజాత శిశువుల యూనిట్‌కి పోతుంది. ఊపిరితిత్తుల కోసం ముందుగా స్టెరాయిడ్ ఇస్తే తల్లి షుగర్ కొన్ని రోజులు ఎగిసిపడుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఇన్సులిన్ మళ్లీ పెంచాలి. అనవసరంగా ముందుకు తోసిన కాన్పు ఒక పొరపాటుతో ఆగదు.

కానీ 39 దాటాక నా గుండె మీకు తెలియాలి. మందు మీద ఉన్న తల్లి, షుగర్ సరిగ్గా లేని తల్లి, ఆమె బిడ్డ కడుపులోనే ఆగిపోయే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఇన్నాళ్లూ 20 యూనిట్లు కావలసినావిడకు ఉన్నట్టుండి 12 చాలితే, అందరూ షుగర్ తగ్గిందని సంబరపడతారు. నేను మాయ అలిసిపోతోందేమోనని భయపడతాను. ఆ భయం చాలాసార్లు వట్టిది కావచ్చు. ఒక్కసారి కాకపోతే ఆ తల్లి ముందు నిలబడాల్సింది నేను.

సిస్టర్: ఆ భయాన్ని గౌరవిస్తాను. 12 యూనిట్లు చాలడానికి ఆమె రెండు రోజులుగా తినకపోవడం కూడా కారణం కావచ్చు, అదీ అడగాలి. అడిగే తీరిక ఎవరికుంది? స్కానింగ్‌లో బిడ్డ 3.8 కిలోలన్నారు, ఆపరేషన్ అన్నారు. స్కానింగ్ బరువు పది శాతం అటూ ఇటూ పోవడం మామూలు. 3.8 అన్న బిడ్డ 3.4 ఉండొచ్చు, 4.2 ఉండొచ్చు. ఆ తల్లి ఎత్తెంత, ఇంతకుముందు ఎంత బిడ్డను కన్నది, తల దిగిందా, నొప్పులు తెప్పించి చూశారా? రెండో కాన్పుకు వచ్చిన గట్టి మనిషిని కూడా కోసేస్తే, మూడో కాన్పు ఆమెకు ఇంకా ప్రమాదం. ఆ మచ్చ మీద మాయ అతుక్కునే భయం ఎవరు మోస్తారు?

డాక్టరు: మీరు అడిగినవన్నీ అడిగాక కూడా ఒక్కోసారి కొయ్యాల్సి వస్తుంది. నాలుగు కిలోలు దాటుతుందన్న అంచనా, పొట్టి మనిషి, తల పైనే తేలుతోంది, అప్పుడు నేను సందేహించను. మీరు చెప్పిన భుజం గదిలోకి ఆమెను నడిపించను. తిండితోనే అదుపులో ఉన్నావిడకు మాత్రం 40 వారాలు దాటి ఆరు రోజుల దాకా ఆగవచ్చని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమే చెబుతోంది. మందు మీద ఉండి షుగర్ సరిగ్గా ఉంటే 39వ వారంలో. ఈ రెండు రకాల వాళ్లను కలిపేసి మాట్లాడటం తప్పని ఒప్పుకుంటాను.

సిస్టర్: ఇంకో మాట, దీన్ని మీరు ఎలా సమర్థిస్తారో చూస్తాను. ఈ మూడు నెలలూ వారం వారం వేళ్లు గుచ్చాం, తిండి లెక్క అడిగాం, కదలికలు లెక్కపెట్టమన్నాం. కాన్పయింది. బిడ్డకు గంటలోపు పాలు పట్టించాం, మడమ గుచ్చి 45 పైన ఉందా చూశాం. మూడో రోజో, ఏడో రోజో ఇంటికి. అంతే. ఆ తల్లికి ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చెయ్యాలి, తర్వాత ఏటా చూస్తుండాలి. ఎంతమందికి చేస్తున్నాం? ఆమె పుట్టింట్లో ఉంటుంది. మన రిజిస్టరులో అత్తింటి ఊరుంటుంది. అక్కడి ఏఎన్ఎంకు ఈమె పేరు తెలియదు, ఇక్కడి ఏఎన్ఎంకు ఈమె కనబడదు. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి ముందు ముందు షుగర్ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు పదింతలని 2020లో ఎన్నో అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. అంత భయం ఉన్న మనిషిని ఆ గుమ్మం దాటగానే మరిచిపోయాం. అప్పుడు ఆ మూడు నెలల కంగారు ఎవరి కోసం అని ఆమె అడిగితే ఏం చెప్పాలి?

డాక్టరు: సమర్థించలేను. దీనికి నా దగ్గర ఎదురు వాదన లేదు. ఒక్కటి అంటాను. ఆ ఎర్ర సిరా కార్డు మీద లేకపోతే ఆ పదింతల ప్రమాదం ఉందని ఆమెకు ఎప్పటికీ తెలిసేదే కాదు. నలభై ఏళ్లకు కాలి పుండుతో వచ్చినప్పుడు తెలిసేది. పేరు పెట్టడంలో ఆమెకు మేలు ఉంది.

సిస్టర్: ఆరు వారాలకు పిలిచేవాళ్లుంటే మేలు. లేకపోతే పాలిచ్చే తల్లి గుండెల్లో ఒక భయం వేసి పంపినట్టే. అన్నట్టు, ఆ పాలివ్వడం కూడా ఆమె షుగర్‌కి మంచిదే, అది కూడా ఎవరూ చెప్పరు.

డాక్టరు: మరి 146 వచ్చినావిడ కార్డు మీద రాయొద్దంటారా?

సిస్టర్: రాయండి. కానీ తిండితో సరిపోతోందా, మందు మీద ఉందా అన్నదీ పక్కనే రాయండి, ఎవరు చూసినా ‘షుగర్ కేసు’ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా. కాన్పు తర్వాత ఏ ఊళ్లో ఉంటుందో, ఎవరి ఫోనుకు చేస్తే పలుకుతుందో ఎనిమిదో నెలలోనే రాయండి. కాన్పు ఎప్పుడు, ఎలా అన్నది మాత్రం ఆమెతో కూచుని మాట్లాడాకే.

డాక్టరు: మొదటి రెండూ రేపటి నుంచే రాస్తాను. మూడోది, 39 దాటాక, ఆవిడ మందు మీద ఉంటే, నా నిర్ణయం.

సిస్టర్: నిర్ణయం ఆవిడది మేడమ్. మీ భయం చెప్పండి, నా భయం నేను చెబుతాను, రెండూ విని ఆమె చెబుతుంది.

డాక్టరు: ఆమె ‘మీ ఇష్టం డాక్టరమ్మా’ అంటుంది. ఎప్పుడూ అదే అంటారు.

సిస్టర్: మొదటిసారి అదే అంటారు. రెండోసారి కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగితే వేరే మాటలు వస్తాయి. మొదటి కాన్పులో ఏమైందో చెబుతారు, ఇంట్లో ఇంకో పసివాడు ఉన్నాడంటారు, కుట్లతో నీళ్ల బిందె ఎలా ఎత్తనంటారు.

డాక్టరు: బయట బెంచీల మీద అరవై మంది కూచుని ఉంటే ఆ రెండోసారికి టైమెక్కడిది?

సిస్టర్: ఆ టైము నేను పెడతాను. నా దగ్గర ఆమె మాట్లాడి వచ్చేదాకా కార్డు మీద ఆపరేషన్ తేదీ మాత్రం వెయ్యకండి.

డాక్టరు: 38 వారాల దాకా వెయ్యను, మాటిస్తున్నాను. ఆ పైన కదలికలు తగ్గాయని ఆవిడ ఒక్కసారి అన్నా మీ కోసం ఆగను.

సిస్టర్: కదలికలు తగ్గితే నేనే స్ట్రెచర్ తోసుకొస్తాను. తగ్గకపోతే మాత్రం మళ్లీ మీ ఎదురుగా నిలబడతాను.